మూడు బళ్ళు, ఒక కిటికీ సీటు

వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు రెండేళ్ళలో మూడు రకాల బళ్ళు ఎక్కాను. మెత్తటి సీటున్న బండే నయమని చాలామంది అనుకుంటారు. నడుము నొప్పి నాకు కొత్త కాదు, దాన్ని లెక్క చేయను. నేను బండిని దాని చప్పుడుతో కొలుస్తాను. ఇంకోటి, సీట్లో కూర్చున్న నన్ను లేపడానికి వచ్చిన మనిషికి ఆ బండి ఎంత సాయం చేసిందో దాన్నిబట్టి కొలుస్తాను.

నా పక్కన కూర్చునేది నా మనవరాలు. ఐదో ఏడు నడుస్తోంది. పుట్టుకతోనే వినికిడి లేదు. మూడేళ్ళప్పుడు తలకు ఆపరేషన్ చేసి లోపల ఒక తీగ పెట్టారు, కుడిచెవి వెనక మిషన్ తగిలించారు. మిషన్ నుంచి ఒక సన్నటి వైరు పైకి పోతుంది. దాని కొసన బిళ్ళ ఉంటుంది, అయస్కాంతంలాగా తలకు అంటుకుంటుంది. ఆ బిళ్ళ ఊడిందంటే పిల్లకు లోకంలో చప్పుడు లేనట్టే.

మిషన్ ఆన్ చేసిన రోజు పిల్ల అమ్మా అని పిలుస్తుందని మా కోడలు కాచుకుని కూర్చుంది. పిలవలేదు. చప్పుడు వినడం వేరు, ఆ చప్పుళ్ళలోంచి మాటను ఏరుకోవడం వేరు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు అదొక పని, నేర్పితేనే వస్తుందని సికింద్రాబాద్‌లో మాటలు నేర్పే మేడం చెప్పింది. సోమవారం, గురువారం రమ్మంది. నా కొడుకు ఆటో తోలుతాడు. కోడలు సుబేదారిలో బట్టల షాపులో పొద్దంతా నిలబడుతుంది. ఇంట్లో తీరికగా ఉన్నదాన్ని నేనేనని ఇద్దరూ తేల్చారు. మూడో తరగతితో బడి మానేసిన నేను ఇంకొకరికి మాటలు నేర్పడానికి బయలుదేరాను.

మేడం దగ్గర ఉండేది ముప్పావు గంట. బండిలో పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. "అమ్మా, నా దగ్గర అయ్యేది క్లాసు కాదు, మీకు దారి చూపెట్టుడే. అసలు క్లాసు బండ్లనే," అన్నది ఆమె మొదటి రోజే. "మీ నోరు పాప కుడిచెవికి జానెడు దూరంల ఉండాలె. ఎడమ చెవి కిటికి దిక్కు, కుడి చెవి మీ దిక్కు. పాప ఒక్క మాటంటే మీరు దానికి ఇంకోటి కలిపి చెప్పాలె. పాప రెండంటే మీరు మూడు అనాలె. ఊకె మాత్రం ఉండొద్దు."

అంటే కిటికీ పక్క సీటు పిల్లకు, దాని పక్కది నాకు. నిలబడితే ఆ రోజు క్లాసు లేదు. నిలబడ్డ మనుషుల నడుముల మధ్య పిల్ల తల ఎక్కడో కింద ఉంటుంది, నా నోరు ఎక్కడో పైన.

గడువు కూడా పెట్టింది. ఎండాకాలం సెలవులు అయ్యేలోపు పిల్ల రెండు మాటలు కలిపి, ఎవరూ చెప్పమనకుండా, తనంతట తాను అనాలి. అంటే మా వాడలో బడికే పంపవచ్చు. అనకపోతే పట్నంలో హాస్టల్ ఉన్న వినికిడి లేని పిల్లల బడికి కాగితం రాస్తుంది. ఆ బడి చెడ్డదని నేననను. కానీ ఐదేళ్ళ పిల్ల పరాయి చోట దాహమైతే ఎవరిని, ఏ మాటతో అడుగుతుంది? ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుని రెండేళ్ళు బళ్ళు ఎక్కాను, దిగాను.

మొదటిది పాత ప్యాసింజర్. చెక్క సీట్లు. పట్టీకి పట్టీకి మధ్య సందులో చీర ఇరుకుతుంది, లేచేటప్పుడు చిరుగుతుంది. నా రెండు చీరలు అట్లాగే పోయాయి. ఫ్యాను స్విచ్ వేస్తే తిరగదు, ఎవరో ఒకరు జాలీలోంచి దువ్వెన దూర్చి రెక్కను తోయాలి. తలుపు ఎంత ఇరుకంటే ఎక్కేవాడు, దిగేవాడు ఎదురైతే ఇద్దరూ అక్కడే తిట్టుకుంటూ ఆగిపోతారు. అయినా ఆ బండికి ఒక గుణం ఉంది. చెక్క చప్పుడును మింగుతుంది. చక్రాల దెబ్బ ఒక్కటే లెక్కన పడుతుంది. పిల్ల ఆ దెబ్బ విని నా తొడ మీద అరచేత్తో వేసేది. పైగా అది బల్ల. "జర జరుగుండ్రి" అంటే ముగ్గురి చోట నలుగురు పడతారు.

దాని అసలు లోపం కిటికీ. ఊచల మధ్య సందులోంచి చెయ్యి మొత్తం దూరుతుంది. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఇంకా ఆగకముందే బయటి నుంచి సీట్ల మీద దస్తీలు, అవే చేతిరుమాళ్ళు, పడేవి. దస్తీ పడ్డ సీటు దస్తీ వేసినవాడిది. ఇది ఎక్కడా రాసిలేదు, అయినా అందరూ ఒప్పుకునేవారు. పిల్లను ఎత్తుకుని, సంచీ పట్టుకుని, ఇరుకు తలుపులోంచి నేను లోపలికి పోయేసరికి కిటికీ సీట్ల మీద గళ్ళ దస్తీలు దర్జాగా కూర్చుని ఉండేవి.

రెండోది పుష్‌పుల్. ఇంజను ఒక వైపు నుంచి పోయేటప్పుడు లాగుతుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి నెడుతుంది. నెట్టేటప్పుడు కుదుపు ఎక్కువ, అన్నం డబ్బా మూత తెరవలేం. సీట్లకు స్పాంజి ఉండేది. దాన్ని ఎవరో బ్లేడుతో కోసి పోయారు, నడిమధ్య గుంత పడింది. ఆ చివర కూర్చున్నా, ఈ చివర కూర్చున్నా అందరూ జారి గుంతలోకే వస్తారు. ఇంజను పక్క బోగీ ఎక్కితే హారన్‌కు పిల్ల బిళ్ళ ఊడబీకి నా ఒళ్ళో పడేసేది. అందుకని నడిమి బోగీకే పోయేదాన్ని. నడిమి బోగీయే దస్తీ సారు గుంపుకు కూడా ఇష్టం.

దస్తీ సారు అని నేను పెట్టుకున్న పేరు. అసలు పేరు తెలియదు, తెలుసుకోవాలని అనుకోలేదు. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు, రిటైర్‌మెంట్‌కు దగ్గరి వయసు, మంచి ఇస్త్రీ చొక్కా. రోజూ పోయివచ్చే ఆరుగురి గుంపుకు ఆయన పెద్ద. వరంగల్‌లో ఎక్కేది ముగ్గురే, మిగతా ముగ్గురు కాజీపేటలో. కానీ ఆరు దస్తీలూ వరంగల్‌లోనే పడేవి. తర్వాత మోకాళ్ళ మీద సూట్‌కేసు పెట్టుకుని సికింద్రాబాద్ దాకా పేకాట.

ఒక సోమవారం దస్తీ పక్కకు జరిపి పిల్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ఆయన వచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, గీడ దస్తీ ఉన్నది. కనబడ్తలేదా?"

"కనబడ్డది సారు. మనిషే కనబడ్తలేడు."

"మనిషి కాజీపేటల ఎక్కుతడు. రోజు ఎక్కేటాయిన."

"మరి దస్తీకి టికెట్ తీస్కున్నవా?"

ఎదుటి బల్ల మీద నవ్వారు. ఆ నవ్వే ఆయనకు మంట పెట్టింది. నేను తగ్గి, మామూలుగానే చెప్పాను. పిల్లకు చెవి మిషన్ ఉన్నది, ఈ కిటికీ దగ్గర కూర్చుంటేనే దానికి మాటలు నేర్పేందుకు వీలవుతుంది, గడువు దగ్గరపడుతున్నది అని. ఆయన పిల్ల తల మీద బిళ్ళను చూశాడు. చూసి, గుంపు దిక్కు తిరిగి అన్నాడు.

"గా పిల్లకు ఇనబడనే ఇనబడదాయె. నిలబడి పోయినా గంతే, కూసోని పోయినా గంతే. దానికి కిటికెందుకు?"

నేను లేచాను. ఎందుకు లేచానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను. ఆ మాట వినగానే పిల్లను అక్కడి నుంచి తీసుకుపోవాలనిపించింది, అంతే. మూడు గంటలు తలుపు దగ్గర నిలబడ్డాం. పిల్ల నా చీర పట్టుకుని నా మొహంలోకి చూస్తూ ఉంది, నేనేదో చెబుతానని. ఆ రోజు నేనేమీ చెప్పలేదు.

సికింద్రాబాద్‌లో తోపులాటలో దిగేటప్పుడు కిటికీ ఊచకు వేలాడుతున్న ఆయన దస్తీ నా సంచీలోకి వచ్చింది. దానంతట అది రాలేదు. మంచి నూలు, కొత్తది. ఇంట్లో ఉతికి, నాలుగు ముక్కలు చేసి, పిల్ల మిషన్ తుడవడానికి పెట్టాను. పారవేయడానికి మనసొప్పలేదు. తిరిగి ఇవ్వడానికి అసలే ఒప్పలేదు.

మూడోది కరెంటు మీద నడిచే కొత్త మెము బండి. రంగు చూసి, వెడల్పు తలుపులు చూసి మా వాడవాళ్ళు విమానం వచ్చినంత సంబరపడ్డారు. నేను మొదటి రోజే దాని లోపాలు లెక్కపెట్టుకున్నాను. లోపల అంతా ఇనుము, చప్పుడు గోడ నుంచి గోడకు కొడుతుంది. వచ్చే స్టేషన్ పేరు చెప్పే స్పీకర్ సరిగ్గా సీట్ల మీదే పెట్టారు. అది మూడు భాషల్లో అరిచినంతసేపు పిల్ల కళ్ళు మూసుకుని ఉంటుంది. పైన వేలాడే పట్టీలు ఎత్తైన మగవాళ్ళకే అందుతాయి. నాలాంటి పొట్టిది ఎవరి భుజమో పట్టుకుని తిట్లు తినాలి. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటుంది. పిల్లతోనూ సంచీతోనూ లోపలికి పోతే ఇక ఆ తలుపు పడదు.

అన్నిటికంటే ఘోరం సీట్లు. గట్టి ప్లాస్టిక్‌తో మూడు గుంతలు, గుంతకూ గుంతకూ మధ్య గట్టు. ఎవరి గుంత వాళ్ళది. "జర జరుగుండ్రి" అనే మాటకు ఆ బండిలో చోటు లేదు. జరిగితే గట్టు మీద కూర్చోవాలి. ఆ సీటు గీసినవాడిని ఆ గట్టు మీద వరంగల్ నుంచి సికింద్రాబాద్ దాకా ఒక్కసారి కూర్చోబెట్టాలని నాకు చాలా కోరిక.

కానీ ఆ బండి నాకు ఒక మేలు చేసింది. దాని కిటికీకి సన్నటి ఊచలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, సగం అద్దం. దస్తీ దూరదు. మొదటి రోజు దస్తీ సారు చెయ్యి పెట్టి చూసి, వేళ్ళు ఇరుక్కుని, మెల్లగా వెనక్కి తీసుకోవడం నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి కడుపారా చూశాను.

ఇక తలుపు ముందు ఎవరు నిలబడితే వాళ్ళదే కిటికీ. అయితే తలుపు ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. కొన్ని రోజులు పన్నెండు బోగీల బండి వస్తుంది, కొన్ని రోజులు ఎనిమిది బోగీలది. దాన్నిబట్టి తలుపులు ఆగే చోటు మారుతుంది. బండి కనబడ్డాక జనం అటూ ఇటూ ఉరుకుతారు. రోజూ తిరిగే గుంపుకు కూడా ఉరకడమే తెలుసు.

నాకు తెలుసు. ఆ బండిని రాత్రి మా ఇంటి ఎదుటి పక్క పట్టాల మీద పెడతారు. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో సాన్పి చల్లి, ముగ్గు పెట్టేటప్పుడు తలెత్తితే బోగీలు కనిపిస్తాయి. లెక్కపెట్టడానికి మూడో తరగతి చాలు. పన్నెండయితే మా తలుపు టీ కొట్టు ముందు ఆగుతుంది, ఎనిమిదయితే నీళ్ళ నల్లా అవతల. నాలుగు వారాలు చూసి, బెత్తెడు తేడా లేకుండా చోటు పట్టుకున్నాను. గుర్తుకు చిటికెడు ముగ్గుపిండి కాగితంలో కట్టుకుపోయి, స్టేషన్‌కు అందరికంటే ముందు చేరి, ఆ చోట ఒక చుక్క పెట్టేదాన్ని. పక్క బెంచీ మీద పిల్లతో కూర్చునేదాన్ని. బండి వచ్చేటప్పుడు లేచి చుక్క మీద నిలబడితే తలుపు నా ముందే తెరుచుకునేది.

ఆ చలికాలం మొత్తం కిటికీ మాదే. కాజీపేట దాటాక పిల్ల నోట చెట్టు అనే మాట వచ్చింది. ఘన్‌పూర్ దగ్గర చెరువు చూసి నీళ్ళు అన్నది. ఒక గురువారం జనగామలో బండి ఆగి ఉండగా, చప్పుడు లేనప్పుడు, నా దిక్కు తిరిగి నన్ను బాపమ్మ అన్నది. నేను ప్రతి మాటకూ ఇంకోటి కలిపాను. పెద్ద చెట్టు. చల్లటి నీళ్ళు. మంచి బాపమ్మ. పిల్ల నా నోరు చూసి నవ్వేది, మళ్ళీ ఒక్క మాటే అనేది. రెండోది నా దగ్గరే ఉండిపోయేది.

దస్తీ సారు తెలివిగలవాడు. ముసలిది ప్రతిసారీ ఎట్లా ముందుంటుందని గమనించాడు, చుక్కను కనిపెట్టాడు. ఎండలు ముదిరి, సెలవులు సగం అయిన ఒక సోమవారం బండి వచ్చేటప్పుడు నేను బెంచీ మీద నుంచి లేచేసరికి ముగ్గురు మగవాళ్ళు నా చుక్క మీద నిలబడి ఉన్నారు.

"అవ్వా, నీ ముగ్గు మాకు గుడ మంచిగ పని చేస్తాంది," అన్నాడు ఆయన. "రోజు వెట్టరాదూ, పుణ్యముంటది."

"ముగ్గు ఎవలిదో జాగ వాళ్ళది సారు. పక్కకు జరుగు."

"ప్లాట్‌ఫారం నీ వాకిలానవ్వా?"

గుంపు నవ్వింది. తలుపు తెరుచుకుంది. మూడు భుజాలు ఒక్కసారి లోపలికి పోయాయి. వెనక నుంచి జనం నెట్టారు, పిల్ల నా చంకలో ఉంది, ఎవరి మోచేయో దాని తలకు తగిలింది. లోపలికి వెళ్ళాక చూస్తే బిళ్ళ భుజం మీద వేలాడుతోంది, వైరు తెగింది.

కొత్త వైరు వచ్చేసరికి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులు పిల్లకు ఏ చప్పుడూ లేదు. వచ్చి నా ఒళ్ళో కూర్చుని, నా గొంతు మీద చెయ్యి పెట్టుకునేది, మాట్లాడమని. నేను మాట్లాడేదాన్ని. గొంతు అదురుతుందని దాని చేతికి తెలిసేది, మాట తెలిసేది కాదు. మేడం ఫోన్ చేసి, వచ్చే వారం గురువారమే చివరి పరీక్ష అన్నది. ఇప్పటిదాకా రెండు మాటలు కలవలేదు కదా, కాగితం సంగతి మనసులో పెట్టుకోండి అన్నది.

ఆ మోచేయి దస్తీ సారుదో కాదో నేను చూడలేదు. మా కొడుకు అదే అన్నాడు, చూడనిది ఎట్లా అంటవమ్మా అని. నాకు చూడాల్సిన పని లేదు. చోటు నాది, చుక్క నాది, నెట్టింది వాళ్ళ ముగ్గురి వెనక వచ్చిన జనం. నాకు అది చాలు.

పరీక్ష ఉన్న గురువారం తెల్లవారుజామున వాకిట్లో నిలబడి బోగీలు లెక్కపెట్టాను. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. స్టేషన్‌కు పోయి, నీళ్ళ నల్లా దిక్కు పోకుండా, టీ కొట్టు ముందు చుక్క పెట్టాను. ఎప్పటికంటే కొంచెం పెద్దదే పెట్టాను, కనబడాలని. ఎనిమిది బోగీల రోజు ఆ చోటికి ఎదురుగా వచ్చేది తలుపు కాదు, బోగీ నడుము.

వాళ్ళు వచ్చారు. చుక్కను చూశారు, ముగ్గురూ దాని మీద కాళ్ళు పాతుకున్నారు. దస్తీ సారు నా దిక్కు చూసి తల ఊపాడు. నేను మొహం మాడ్చుకుని, అలిగిన మనిషిలాగా పిల్లను తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. నీళ్ళ సీసా మూత తీశాను, నింపలేదు.

బండి వచ్చింది. నల్లా అవతల, నా ముందు, తలుపు తెరుచుకుంది.

కిటికీ దగ్గర పిల్ల, నడుమ నేను. మూడో గుంతలో జనగామ పోయే ఒక నర్సమ్మ కూర్చుంది. వెనక నుంచి అరుపులు, ఉరుకులు. గుంపు చెల్లాచెదురైంది. ఇద్దరు ఎటో పోయారు. దస్తీ సారు జనం నెట్టగా నెట్టగా వచ్చి సరిగ్గా మా ముందే ఆగి, పైనున్న పట్టీ పట్టుకున్నాడు. ఊపిరి ఎగపోస్తోంది. ఇస్త్రీ చొక్కా నలిగింది.

"తప్పుడు జాగల వెట్టినవవ్వా," అన్నాడు.

"నా వాకిలి కాదన్నవు గద సారు. ఎక్కడన్న వెట్టుకుంట."

కాజీపేట, ఘన్‌పూర్ పోయాయి. ఆయన ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారడం లెక్కపెట్టుకున్నాను. కొత్త వైరు బాగా పనిచేస్తోంది. చెట్టు, నీళ్ళు, ఆవు అన్నీ అడిగాను. పిల్ల పలకలేదు. ఎనిమిది రోజుల మౌనం దాన్ని వెనక్కి తీసుకుపోయిందేమో అని భయం పట్టుకుంది. ఆ భయం పెరిగేకొద్దీ ఎదురుగా నిలబడ్డ మనిషి మీద కసి పెరిగింది.

జనగామలో నర్సమ్మ దిగింది. మూడో గుంత ఖాళీ అయింది. ఆయన పట్టీ వదిలి వంగాడు. నేను నా సంచీ తీసి ఆ గుంతలో పెట్టాను.

"ఎవలన్న వస్తరా అవ్వా?"

"వస్తరు."

"ఏడ ఎక్కుతరు?"

"సికింద్రాబాద్‌ల."

సికింద్రాబాద్‌లో ఆ బండి ఆగిపోతుంది. ఎదుటి వరుసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మళ్ళీ పట్టీ అందుకున్నాడు. నాకు అంత హాయి ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కలగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అప్పుడు నా పక్క నుంచి గొంతు వచ్చింది. పిల్ల కిటికీ వదిలి ఇటు తిరిగి ఉంది. వేలు చాపింది.

"తాత నిలవడ్డడు."

నేను విన్నది నిజమో కాదో అని ఆగాను. పిల్ల వేలు సంచీ మీదికి జరిగింది.

"సంచి కూసున్నది."

బోగీలో సగం మంది నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఒకటి కాదు, రెండు సార్లు రెండు మాటలు కలిపింది. ఎవరూ అడగలేదు, ఎవరూ నేర్పలేదు. ఉన్నది ఉన్నట్టు చూసి చెప్పింది. అందులో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. ఊరుకోవద్దని మేడం చెప్పింది, రెండంటే మూడు అనాలి. కుడిచెవికి జానెడు దూరం వంగి అన్నాను.

"అవును. తాత ఇంకా నిలవడ్డడు."

"తాత ఇంకా నిలవడ్డడు," అన్నది పిల్ల, స్పష్టంగా.

"తాత సికింద్రాబాద్ దాక నిలవడుతడు."

ఆయన పైనుంచి చూస్తున్నాడు. కోపంతో ఏదో అంటాడని నేను మాట సిద్ధం చేసుకున్నాను. ఆయన కోపం చేయలేదు. నా మొహం కేసి కాకుండా పిల్ల కేసి వంగి, ఇనుప చప్పుడు మీదుగా గట్టిగా అన్నాడు. "అవును బిడ్డా. నిలవడ్డ. కాళ్ళు గుంజుతానయ్."

పిల్ల తల తిప్పింది. ఆ గొంతు దిక్కు, ఆ మొహం దిక్కు. బండి చప్పుడులో ఒక పరాయి మనిషి గొంతుకు నా మనవరాలు తల తిప్పడం అదే మొదటిసారి. నేను రెండేళ్ళు దాని కోసం కాచుకున్నాను. ఆ మొదటి గొంతు ఈయన నోట్లోంచే రావాలా అని నాకు ఒళ్ళు మండింది.

ఆయన కూడా అది చూశాడు. తను అన్న మాట గుర్తుకొచ్చిందో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు.

"ఇనబడ్తాంది గదవ్వా దీనికి," అన్నాడు మెల్లగా.

"ఎప్పటిసంది ఇనబడ్తాంది. నీకే తెల్వదు."

సంచీ తీయాలా అని ఒక్క క్షణం అనుకున్నాను. తీస్తే ఆయన కూర్చుంటాడు. కూర్చుంటే తాత నిలబడటం అయిపోతుంది, పిల్ల దగ్గర ఉన్న ముచ్చటే అయిపోతుంది. ఆ ముచ్చట పోతే మేడం ముందు ఏం చెబుతుంది? ఇది సాకు అని మా కోడలు అంటుంది. సగం సాకే. సగం నిజం కూడా.

"సారు, జరసేపు అట్లనే నిలవడు," అన్నాను. "పిల్ల మాట్లాడుతాంది. ఇయ్యాల దానికి పరీక్ష."

భువనగిరిలో ఎదుటి వరుసలో రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. ఆయన వాటిని చూశాడు, పట్టీ వదలలేదు. వంగి పిల్లతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ తాతకు ఎన్ని కాళ్ళు, ఈ తాత చొక్కా ఏం రంగు. తెలుపు చొక్కా అన్నది పిల్ల. తాత తెలుపు చొక్కా అన్నాడు ఆయన. ఎవరూ చెప్పకుండానే ఒక మాట కలపడం ఆయనకు వచ్చేసింది.

సికింద్రాబాద్‌లో దిగేటప్పుడు ఆయన కుంటుతున్నాడు. పిల్ల చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.

మేడం గదిలో పిల్ల కుర్చీ ఎక్కి కూర్చుంది. మేడం బీరువా దగ్గర నిలబడి ఏదో వెతుకుతోంది, ఇంకా పరీక్ష మొదలుపెట్టనే లేదు. "మేడం నిలవడ్డది," అన్నది పిల్ల. మేడం చెయ్యి బీరువాలోనే ఆగింది. తర్వాత ముప్పావు గంటసేపు తాత, కాళ్ళు, సంచీ, తెలుపు చొక్కా అన్నీ బయటికి వచ్చాయి. ముందే రాసిపెట్టిన హాస్టల్ కాగితాన్ని మేడం అడ్డంగా చింపింది. మా వాడలో బడికి ఇవ్వమని ఇంకో కాగితం రాసింది, రాస్తూ అడిగింది.

"ఎవరమ్మా ఈ తాత?"

"బండ్ల ఎక్కేటాయిన."

"మీ చుట్టమా?"

"కాదు. నాకు ఆయనంటె పడదు."

మేడం నవ్వింది, నేను తమాషాకు అన్నాననుకుంది. "కొత్త మనిషి, మగ గొంతు, చప్పుడుల మాట్లాడిండు. పాపకు ఇదే కావాలె అమ్మా. మొదటి బడి రోజు దాక ఆయనతోని ఇట్లనే మాట్లాడించాలె. మాట్లాడ్తడా?"

"ఎందుకు మాట్లాడడు మేడం," అన్నాను. "నేను నిలవెడత."